తోపుడు బండి మాట ఎవరు వింటారు?

గత వేసవిలో ఒక సాయంత్రం విజయవాడలో రామవరప్పాడు రింగు దగ్గర కరెంటు పోయి సిగ్నల్ దీపాలు ఆరిపోయాయి. ఆ సమయానికి అక్కడ ట్రాఫిక్ కానిస్టేబుల్ కూడా లేడు. గన్నవరం వైపు నుంచి వస్తున్న లారీలు, ఏలూరు రోడ్డు సిటీ బస్సులు, ఇన్నర్ రింగు రోడ్డు మీంచి వచ్చే కార్లు, వీటి సందుల్లోంచి దూరే ఆటోలు, నాలాంటి స్కూటర్ల వాళ్లు, అందరం ఒకేసారి కూడలి మీదికి వచ్చి పడ్డాం. ఇక గంటసేపు కదలలేమనుకుని నేను స్కూటరు పక్కకు తీసి నిలబడ్డాను. అయితే నేను భయపడినట్టు జరగలేదు. బస్సు ఒక మూరెడు ముందుకు జరిగి ఆగింది. ఎదుటి లారీ డ్రైవరు హెడ్‌లైటు రెండుసార్లు కొట్టాడు, బస్సు ఉన్నచోటే నిలిచిపోయింది. లారీ కదిలింది, దాని నీడలో నాలుగు ఆటోలు దాటేశాయి, ఆ ఆటోల తోక పట్టుకుని స్కూటర్లు దాటాయి. తరవాత బస్సు కండక్టరు కిటికీలోంచి చెయ్యి బయటికి చాచాడు, ఈసారి బస్సు వంతు వచ్చింది. ఎవరూ ఎవరినీ గుద్దలేదు. పావుగంటలో ఆ కూడలి తనంతట తానే ఒక లయ పట్టుకుంది.

ఆ పావుగంటా దాటలేకపోయినవాడు ఒక్కడే, జామకాయల తోపుడు బండి పెద్దాయన. ఆయన బండికి హారన్ లేదు, లైటు లేదు, ముందుకు తోస్తే ఎదుటివాడు జంకేంత బరువూ లేదు. కరెంటు వచ్చి, సిగ్నల్ వెలిగి, ఎర్రదీపం లారీలను ఆపిన తరవాతే ఆయన అవతలికి చేరాడు.

వాహనాలు తమలో తాము రేడియోలో మాట్లాడుకుంటూ, పైనుంచి శాసించే కేంద్రమేదీ లేకుండా ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకునే వ్యవస్థ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ సాయంత్రం గుర్తుకు వస్తుంది. ఆ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. మన రోడ్ల వరకు కేంద్రీకృత వ్యవస్థ కంటే అదే నయమని కూడా నమ్ముతాను, ఎందుకో తరవాత చెబుతాను. నా పట్టుదల ఒక్కచోటే. అలాంటి వ్యవస్థలో మౌనానికి అర్థం ఏమిటన్నది అన్నిటికంటే ముందు తేల్చాలి. మౌనం అర్ధాంగీకారమని మనకొక మాట ఉంది. రోడ్డు మీద యంత్రం ఆ మాటను నమ్మడం మొదలుపెడితే దాని కింద మొదట పడేది తోపుడు బండి.

ఈ సంభాషణ ఎలా సాగుతుందో కాస్త వివరంగా చూడాలి. 5.9 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో కొంత రేడియో పట్టీని చాలా దేశాలు వాహనాల కోసం ప్రత్యేకంగా కేటాయించాయి. పరికరం ఉన్న ప్రతి వాహనమూ సెకనుకు 10 సార్ల వరకు ఒక చిన్న సందేశాన్ని గాలిలోకి వదులుతుంది: నేను ఇక్కడ ఉన్నాను, ఇంత వేగంతో, ఇటు వైపు వెళుతున్నాను, బ్రేకు వేశాను లేదా వేయలేదు. ఆ సందేశం ఫలానా వాహనానికని కాదు, కొన్ని వందల మీటర్ల పరిధిలో వినగలిగిన ప్రతి పరికరానికీ. ఇందులో రెండు వంశాలు ఉన్నాయి. ఒకటి వైఫై నుంచి పుట్టింది, దాని ప్రమాణం పేరు 802.11పి. రెండోది సెల్‌ఫోన్ల ప్రమాణాల నుంచి 2017లో పుట్టింది. సెల్‌ఫోన్ వంశానిదే అయినా దీనికి టవరుతో పని లేకుండా వాహనాలు నేరుగా మాట్లాడుకునే పద్ధతి ఉంది, నాకు ఆసక్తి కలిగించింది అదే. టవరు లేనప్పుడు ఎవరు ఏ క్షణంలో మాట్లాడాలో ఎవరు నిర్ణయిస్తారు? పెళ్లి బంతిలోకి ఆలస్యంగా వచ్చినవాడు ఏ విస్తరి ముందు ఎవరూ లేరో చూసుకుని కూర్చున్నట్టే ఇక్కడా జరుగుతుంది. ప్రతి పరికరమూ గడిచిన ఒక సెకను పాటు ఏయే క్షణాల్లో ఎవరెవరు మాట్లాడారో విని గుర్తుపెట్టుకుంటుంది, నిశ్శబ్దంగా ఉన్న చోట్లలో ఒకదాన్ని చీటీ తీసినట్టు ఎంచుకుంటుంది, కొంతసేపు ఆ చోటే తనదిగా వాడుకుని మళ్లీ వెతుక్కుంటుంది. ఇద్దరు ఒకే ఖాళీ విస్తరిని ఎంచుకుంటే మాత్రం చిక్కే. తాను మాట్లాడుతున్నప్పుడు పరికరం వినలేదు కాబట్టి తమ మాటలు ఢీకొన్న సంగతి ఆ ఇద్దరికీ తెలియదు.

ఏ సందేశానికి ఏ అర్థమన్నది ఇంకో సంగతి. బ్రిటన్‌లో చాలామంది డ్రైవర్లు హెడ్‌లైటు కొడితే మీరు వెళ్లండి అని అర్థం. మా విజయవాడ బెంజ్ సర్కిల్లో కొడితే నేను వస్తున్నాను, ఆగు అని అర్థం. జాతీయ రహదారి మీద ముందు వెళ్లే లారీ కుడి ఇండికేటర్ వేస్తే అది కుడికి తిరుగుతుందో, ఎదురుగా బండి వస్తోంది ఓవర్‌టేక్ చేయకు అంటోందో తెలియక నేను ఎన్నిసార్లు బ్రేకు మీద కాలు పెట్టానో లెక్కలేదు. యంత్రాల భాషలో ఈ సందిగ్ధం ఉండదు, ప్రతి మాటకూ ఒకే అర్థం ముందే రాసిపెట్టి ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు.

మా బావగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. అక్క పెళ్లయిన కొత్తలో సెలవులకు వెళ్లినప్పుడు నేను రోజంతా అక్కడే తిరిగేవాణ్ణి. ఇరుకు సందులోకి లారీని వెనక్కి తెచ్చేటప్పుడు క్లీనర్ వెనక నిలబడి, తొట్టి చెక్కను అరచేత్తో చరుస్తూ, రానీ రానీ రానీ అని అరుస్తూ ఉండేవాడు, చాలు అనుకున్నప్పుడు హోల్డాన్ అనేవాడు. ఒకరోజు క్లీనర్ గొంతు మధ్యలో ఆగింది. హోల్డాన్ అనలేదు కదా అని కొత్త డ్రైవరు బండిని ఇంకా వెనక్కి తెస్తుంటే బావగారు పరుగెత్తుకెళ్లి తలుపు మీద గుద్ది ఆపించారు. "వాడి గొంతు వినబడినంతసేపే బండి కదలాలిరా. గొంతు ఆగిందంటే బండి ఆగాలి. వాడు బీడీ ముట్టించుకోవడానికి ఆగాడో, చక్రం కింద పడ్డాడో నీకేం తెలుసు?" అని ఆ డ్రైవర్ని కేకలేశారు. క్లీనర్ నిజంగా బీడీ ముట్టించుకుంటున్నాడు, అది వేరే సంగతి.

కంప్యూటర్ శాస్త్రంలో దీనికి దగ్గరి సిద్ధాంతమే ఒకటి ఉంది. మధ్యలో పోయే అవకాశం ఉన్న దారిలో సందేశాలు పంపుకునే ఇద్దరు సేనానులు ఎన్నిసార్లు నాకు అందింది, నీకు అందినట్టు నాకు అందింది అని చెప్పుకున్నా, చివరి సందేశం చేరిందో లేదో పంపినవాడికి ఎప్పటికీ తెలియదు కాబట్టి, ఇద్దరూ కలిసి కదులుతామన్న పూర్తి నమ్మకం ఎవరికీ కుదరదు. రేడియో తరంగం ఫ్లైఓవర్ స్తంభానికి, బస్సు ఒంటికి తగిలి పోయే చోట ఇది పుస్తకాల్లోని చిక్కు కాదు, రోజూ ఎదురయ్యేదే. అందుకే జవాబు రాకపోతే ఆగిపోవాలన్న బావగారి నియమమే ఇంజనీర్లకూ దిక్కు.

ఇక కేంద్రం ఎందుకు వద్దన్న విషయం. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగినప్పుడు అక్కావాళ్లు డాబా మీద ఉన్నారు. ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నడుస్తున్న రోజులవి. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. పాల ప్యాకెట్ల పడవ ఏ వీధిలోకి వచ్చిందన్న కబురు డాబా మీంచి డాబా మీదికి కేకలుగా వచ్చేదట. పైనుంచి నడిపే వ్యవస్థలన్నీ నిలిచిపోయిన చోట పక్కవాడి గొంతు పనిచేసింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి పాల ప్యాకెట్లు నీళ్ల ట్యాంకరుగా మారిపోయిన సందర్భాలూ ఉన్నాయని అక్క నవ్వుతూ చెప్పింది. వికేంద్రీకృత వ్యవస్థ బలమూ, బలహీనతా రెండూ నాకు ఆ మాటలోనే కనిపించాయి.

రోడ్డు మీదా అంతే. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఎక్కడో ఉన్న సర్వరుకు మాట వెళ్లి, అక్కడ వరసలో నిలబడి, జవాబు తిరిగి వచ్చేలోగా అడిగిన ప్రశ్నకే విలువ లేకుండా పోవచ్చు. పక్క బండికి నేరుగా చెప్పే మాటకు ఆ ప్రయాణం లేదు. పైగా కేంద్రం ఉన్నచోట దస్త్రం ఉంటుంది. ప్రజా రవాణా వాహనాలకు ఏఐఎస్-140 ప్రమాణం ప్రకారం అమర్చే పరికరాలు బండి ఎక్కడుందో ఎప్పటికప్పుడు సర్వరుకు చెబుతాయి. బస్సులో ఆపద వచ్చిన ఆడపిల్ల మీట నొక్కితే సాయం రావడానికి అది అవసరమే. అదే పద్ధతిని సొంత స్కూటర్లకు, కార్లకు, ప్రతి క్షణానికి విస్తరిస్తే ఊళ్లో ఎవరు ఎవరింటికి ఎన్నిసార్లు వెళ్లారన్నది ఒకే గదిలో పోగుపడుతుంది. నాకది ఇష్టం లేదు.

కూడళ్ల విషయంలోనూ రెండు దారులు ఉన్నాయి. 2004లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన కర్ట్ డ్రెస్నర్, పీటర్ స్టోన్ సిగ్నల్ లేని కూడలిని ప్రతిపాదించారు. దగ్గరకు వస్తున్న ప్రతి కారూ ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం దాకా కూడలిలో ఇంత చోటు కావాలని అడుగుతుంది, కూడలిలోని కంప్యూటరు ఖాళీ ఉంటే ఇస్తుంది, లేకపోతే కాదంటుంది. సినిమాహాల్లో సీటు రిజర్వు చేసినట్టు. కార్లు ఆగకుండా, జడ అల్లినట్టు ఒకదాని మధ్యలోంచి ఒకటి దూసుకుపోతాయి. ఇంకో దారిలో కూడలి దగ్గర పెట్టె కూడా ఉండదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఓజాన్ టాంగజ్ బృందం పనిచేసిన ఊహాత్మక సిగ్నల్ పద్ధతిలో దగ్గరకు వచ్చిన వాహనాలే తమలో ఒకదాన్ని నాయకుడిగా ఎన్నుకుంటాయి, ఆ బండి ఎర్రదీపం దగ్గర ఆగినట్టు ఆగి మిగతావాళ్లకు ఎరుపు, ఆకుపచ్చ సంకేతాలు ఇస్తుంది, తన వంతు రాగానే నాయకత్వం ఇంకొకరికి అప్పగించి వెళ్లిపోతుంది. నాకు ఈ రెండోది చాలా నచ్చింది. రామవరప్పాడులో ఆ సాయంత్రం కండక్టరు చెయ్యి చేసిన పని అదే.

అయితే భూమ్మీద ఇంకా పూర్తిగా రాని ఈ ఏర్పాటు ఆకాశంలో దశాబ్దాలుగా ఉంది, దానికి మన దేశం చాలా ఖరీదు చెల్లించింది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానమూ, కజకిస్తాన్ విమానమూ ఎదురెదురుగా ఢీకొని 349 మంది చనిపోయారు. విమానాలు ఒకదాన్ని ఒకటి నేరుగా పలకరించి, దగ్గరపడుతున్నామని గ్రహించి, ఒకటి పైకి, ఒకటి కిందికి వెళ్లాలని తమలో తామే తేల్చుకునే పరికరాన్ని మన దేశం ఆ ప్రమాదం తరవాతే తప్పనిసరి చేసింది. రెండూ పైకే అనుకుంటే ఏం చేయాలన్నదానికీ ఆ పరికరంలో నియమం ఉంది: ప్రతి విమానానికీ ఒక సంఖ్య ఉంటుంది, పెద్ద సంఖ్య ఉన్నది తన నిర్ణయం మార్చుకుంటుంది. ఎవరి విమానం పెద్దది, ఎవరి టికెట్ ఖరీదు ఎక్కువ అన్న ప్రశ్నే రాదు.

పరికరం ఉంటే సరిపోతుందా అంటే, 2002 జులై 1 రాత్రి దక్షిణ జర్మనీలోని ఉబర్లింగెన్ మీద జరిగింది గుర్తు చేసుకోవాలి. రష్యన్ ప్రయాణికుల విమానంలోనూ, సరుకుల విమానంలోనూ ఆ పరికరం ఉంది, రెండింట్లోనూ సరిగ్గా పనిచేసింది. రష్యన్ విమానానికి పైకి వెళ్లమని, సరుకుల విమానానికి కిందికి దిగమని చెప్పింది. అదే క్షణాల్లో జూరిక్‌లో ఒంటరిగా పనిచేస్తున్న కంట్రోలరు రష్యన్ విమానాన్ని కిందికి దిగమన్నాడు. రష్యన్ పైలట్లు కంట్రోలరు మాట విన్నారు, సరుకుల విమానం పైలట్లు పరికరం మాట విన్నారు, రెండూ కిందికే దిగాయి. 71 మంది చనిపోయారు, వాళ్లలో చాలామంది సెలవులకు వెళుతున్న బడిపిల్లలు. కేంద్రం తప్పు చేసిందనో, యంత్రం తప్పు చేసిందనో దీన్ని ముగించడం సులభం. అసలు లోపం ఆ రెండు మాటలూ వేరైనప్పుడు ఎవరి మాట చెల్లాలన్నది అందరికీ ఒకేలా, తిరుగులేకుండా చెప్పి ఉండకపోవడం. ఆ తరవాతే పరికరం మాటే పైమాట అని అంతర్జాతీయ నియమం స్పష్టపడింది.

దీన్ని బెంజ్ సర్కిల్‌కు తెచ్చి చూడండి. వాహనాలన్నీ తమలో తాము మాట్లాడుకుని బందరు రోడ్డు వైపు బండ్లకు దారి ఇచ్చాయి, అంతలో కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆగమన్నాడు, ఎందుకంటే అవతల అంబులెన్సు వస్తోంది, లేదా దసరా రోజుల్లో దుర్గమ్మ కొండ నుంచి తిరిగివచ్చే భక్తుల గుంపు రోడ్డు దాటుతోంది. ఎవరి మాట చెల్లాలి? ఆకాశంలో యంత్రం మాట చెల్లడం సరైనదే, ఎందుకంటే అక్కడ ఉన్నవన్నీ విమానాలే, దాదాపు అన్నిటికీ పరికరం ఉంది. నేల మీద ఆ కానిస్టేబుల్ చూస్తున్నది పరికరం లేనివాళ్లను. అందుకని ఇక్కడ అతని చెయ్యే పైమాట కావాలి. విమానాల పాఠాన్ని యథాతథంగా రోడ్డుకు దింపడం తప్పని నా అభిప్రాయం.

పరికరం లేనివాళ్లు ఎంతమంది అంటే, కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, 19.5 శాతం పాదచారులు. అంటే ప్రతి 100 మృతుల్లో 64 మంది, ఈ రేడియో పెట్టె ఎప్పుడో ఒకనాటికి తప్ప చేరని వర్గాల వాళ్లు. పెట్టె ఉన్నవాళ్లకు కూడా మొదట్లో ఉపయోగం తక్కువే: 100 బండ్లలో 10 బండ్లకు ఉంటే, ఎదురుపడిన రెండు బండ్లకూ ఉండే అవకాశం 100కు 1 మాత్రమే. అమెరికాలో 1999లోనే 75 మెగాహెర్ట్జ్ పట్టీని దీనికి కేటాయించినా, పక్కవాడు కొంటే నేను కొంటానని ఎవరికి వారు కూర్చోవడంతో పట్టీ చాలావరకు ఖాళీగానే మిగిలి, 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫైకి ఇచ్చేయాలని అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ నిర్ణయించింది. ఐరోపాలో ఫోక్స్‌వాగన్ తన గోల్ఫ్ కారు ఎనిమిదో తరంలో ఈ పరికరాన్ని అమర్చింది. అక్కడ రోడ్డు మీద ప్రధానంగా ఉన్నవి కార్లు. మనకు అలా కాదు.

సరే, అందరికీ పెట్టె ఇచ్చేశామనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. బెంజ్ సర్కిల్లో ఫ్లైఓవర్ కింద సాయంత్రం ఆరింటికి 300 మీటర్ల లోపు 200 వాహనాలు ఉండడం విశేషమేమీ కాదు, ఇంకా ఎక్కువే ఉంటాయి. ఒక్కో సందేశం 300 బైట్లు (బైటుకు 8 బిట్లు) అనుకుంటే, సెకనుకు 10 చొప్పున 200 వాహనాలు వదిలేది సెకనుకు 48 లక్షల బిట్లు. వైఫై వంశపు చానెల్ సాధారణంగా నడిచే వేగం సెకనుకు 60 లక్షల బిట్లు, అందులోనూ ఒకరి మాట మీద ఇంకొకరు పడి పోయేవి పోగా మిగిలేది చాలా తక్కువ. గోల పెరిగినకొద్దీ తమంతట తామే తక్కువ మాట్లాడేలా పరికరాలకు నియమం ఉంది. అది మంచి మర్యాదే. కానీ మాటలు అత్యవసరమైన చోటనే మాటలు పలచబడతాయన్నమాట. మళ్లీ మౌనం దగ్గరికే వచ్చాం.

ఇక నమ్మకం. 2020 ఫిబ్రవరిలో బయటికి వచ్చిన ఒక వీడియోలో సైమన్ వెకర్ట్ అనే జర్మన్ కళాకారుడు ఎర్రటి చిన్న తోపుడు బండిలో 99 ఫోన్లు వేసుకుని బెర్లిన్ వీధుల్లో నెమ్మదిగా లాక్కుంటూ నడిచాడు. గూగుల్ మ్యాప్స్ ఆ ఖాళీ వీధులను ఎర్రగా చూపించింది, వాహనాలు కిక్కిరిసి ఆగిపోయాయనుకుంది. నాకు ఇందులో వింతగా తోచేది ఇదీ: బెర్లిన్‌లో ఒక తోపుడు బండి 99 కార్లుగా లెక్కకు వచ్చింది, రామవరప్పాడులో ఒక తోపుడు బండి సున్నాగా లెక్కకు వచ్చింది. మాట్లాడగలిగినదాన్ని మాత్రమే ఉన్నట్టు లెక్కవేసే ఏ వ్యవస్థకైనా ఈ రెండు తప్పులూ కవలల్లా పుడతాయి. ఒకడే వందమందిగా నటించే ఈ మోసాన్ని 2002లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ డూసర్ సిబిల్ దాడి పేరుతో వివరించాడు. గుర్తింపు కార్డులు ఇచ్చే నమ్మకమైన కేంద్రం లేకుండా దీన్ని ఆపడం దాదాపు అసాధ్యమన్నది ఆయన వాదన.

అంతకు 20 ఏళ్ల ముందు, 1982లో లెస్లీ లాంపోర్ట్, రాబర్ట్ షోస్టాక్, మార్షల్ పీజ్ మోసగాళ్లున్న సేనానుల సమస్యను లెక్కగట్టారు. నోటిమాటలతో ముగ్గురిలో ఒకడు ద్రోహి అయితే మిగతా ఇద్దరూ ఒక్కమాట మీదికి రాలేరు, ఒక ద్రోహిని తట్టుకోవాలంటే కనీసం నలుగురు ఉండాలి. అదే మాట కింద ఎవరూ ఫోర్జరీ చేయలేని సంతకం ఉంటే పరిస్థితి చాలా మెరుగవుతుంది. అందుకే వాహనాల సందేశాలన్నిటికీ డిజిటల్ సంతకం ఉంటుంది. అయితే సంతకం ఉంటే గుర్తింపు ఉంటుంది, గుర్తింపు ఉంటే వెంబడించవచ్చు. దానికి విరుగుడుగా అమెరికా రూపకల్పనలో ఒక్కో బండికి వారానికి 20 మారుపేర్ల ధ్రువపత్రాలు ఇస్తారు, బండి వాటిని మార్చి మార్చి వాడుతుంది. ఏ బండికి ఏ మారుపేరో ఏ ఒక్క కార్యాలయానికీ పూర్తిగా తెలియకుండా ఆ పనిని పంచుతారు. ఆ పొందిక చూసి ఇంజనీర్లను మెచ్చుకున్నాను. కానీ గమనించండి, కేంద్రం లేదన్న ఇంట్లోకి కేంద్రం దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. ధ్రువపత్రం ఇచ్చేవాడు ఎవరు, రద్దు చేసేవాడు ఎవరు, పొరపాటున రద్దయితే ఆటో అతను ఎవరి కాళ్లు పట్టుకోవాలి? మాటలు వికేంద్రీకృతం కావచ్చు, నోరు తెరిచే హక్కు మాత్రం ఒకరి చేతుల మీదుగానే వస్తుంది.

బ్లాక్‌చెయిన్ ఉంటే ఆ ఒకరు కూడా అక్కర్లేదనేవాళ్లు ఉన్నారు. అది ఏ ఒక్కరి పెత్తనమూ లేకుండా అందరూ కలిసి రాసుకునే పద్దు. బిట్‌కాయిన్‌లో ఒక కొత్త బ్లాకు, అంటే ఆ పద్దులో ఒక కొత్త పుట, రావడానికి సగటున 10 నిమిషాలు. బెంజ్ సర్కిల్లో నేను ముందు వెళ్లనా అని అడిగిన లారీకి జవాబు వచ్చేసరికి అది 10 కిలోమీటర్లు దాటి మంగళగిరి దరిదాపుల్లో ఉంటుంది. అంత ఆలస్యం చేయని పద్ధతులు వచ్చాయి, నిజమే. అయినా క్షణక్షణానికీ సభ్యులు మారిపోయే కూడలిలో, సెకనులో పదోవంతులో, అందరి సమ్మతితో పద్దు రాయడం దానికి తగిన పని కాదు. టోలు సొమ్ము ఎవరికి ఎంత, ఏ బండికి ఎప్పుడు ఏ మరమ్మతు అయింది వంటి నిదానపు లెక్కలకు దాన్ని వాడుకోవచ్చు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఎవరు ముందు అన్న నియమాన్ని ఎవరు రాస్తారన్నది. కేంద్రం లేకపోతే పెత్తనం ఉండదనుకోవడం అమాయకత్వం. రామవరప్పాడులో కేంద్రం లేదు, బరువుదే పెత్తనం. రేపు యంత్రాల మధ్య అది డబ్బుది కావచ్చు. 2013లో అదే టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కూడలిలో ముందు వెళ్లే హక్కును వేలం వేసే పద్ధతిని ప్రతిపాదించారు. కారులోని ప్రోగ్రామ్ యజమాని తరఫున పాట పాడుతుంది. వాళ్లకు న్యాయం చేయాలంటే ఇదీ చెప్పాలి: జేబు ఖాళీ అయినవాడు అక్కడే ఉండిపోకుండా వ్యవస్థే అతని తరఫున కొంత పాట పాడే ఏర్పాటును వాళ్లే అందులో చేర్చారు. కానీ ఆ ఏర్పాటు ఇష్టమైతే ఉంచేది, కష్టమైతే తీసేసేది. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే లారీ కిరాయి లెక్కలు తెలిసినవాళ్లకు, వారధి మీద ముందు వెళ్లడానికి పాట పాడాలంటే ఆ డబ్బు చివరికి ఏ రైతు బస్తాలోంచి పోతుందో నేను చెప్పక్కర్లేదు.

నేను కోరేది ఇదీ. రేడియోలో విన్న మాట బండిని మరింత జాగ్రత్తగా నడిపించవచ్చు గానీ, మరింత ధైర్యంగా నడిపించకూడదు. ముందు బండి బ్రేకు వేసిందని వింటే నెమ్మదించు, మంచిదే. ఎవరి మాటా వినబడలేదు కాబట్టి కూడలి ఖాళీ అని వేగం పెంచడం మాత్రం చట్టవిరుద్ధం కావాలి. కెమెరాతోనో, రాడారుతోనో, కళ్లతోనో చూసి ఖాళీ అని తేల్చుకున్న తరవాతే కదలాలి. దీనివల్ల డ్రెస్నర్, స్టోన్ చూపిన ఆ జడ అల్లిక మన ఊళ్లో ఎప్పటికీ సాధ్యం కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. అందరికీ పరికరం ఉన్న, కంచె వేసిన రహదారి ఎప్పుడైనా వస్తే అక్కడ అల్లుకోనివ్వండి. రెండోది, ఎవరు ముందన్న నియమం బహిరంగంగా, తెలుగులో చదువుకోగలిగేలా, అన్ని కంపెనీలకూ ఒకటే ఉండాలి, అమ్మకానికి ఉండకూడదు.

ఇన్ని షరతుల తరవాత ఇంకా ఏం మిగులుతుందని బావగారే అడిగారు. చాలా మిగులుతుంది. జాతీయ రహదారి మీద రాత్రిపూట ఆగిపోయిన లారీ వెనక మనవాళ్లు నాలుగు రాళ్లు, రెండు వేపకొమ్మలు పెడతారు. వెనక నుంచి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి ఆ కొమ్మ కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. ఆగిన బండి తానే నేను ఇక్కడ ఆగిపోయానని చెప్పి, ఆ మాట లారీ నుంచి లారీకి రెండు మూడు కిలోమీటర్లు వెనక్కి పాకితే, ఏ టవరూ అక్కర్లేకుండా ప్రాణాలు నిలబడతాయి. ఐరోపా ప్రమాణాల్లో ఆగిన వాహనం గురించిన హెచ్చరికకు ప్రత్యేక సందేశమే ఉంది. ఇందులో ఎవరి వంతునూ ఎవరూ లాక్కోవడం లేదు, మౌనాన్ని ఖాళీ అనుకోవడమూ లేదు. మనం మొదలుపెట్టాల్సింది ఇక్కడ, కూడలి దగ్గర కాదు.

బావగారు కాసేపు ఆలోచించి, "ఆ పెట్టె పాడైతే మన ఆటోనగర్ వాళ్లను విప్పనిస్తారా, లేక కంపెనీకే తోలుకుపోవాలా?" అన్నారు. సంతకాల తాళాలన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి కాబట్టి విప్పనివ్వరని చెప్పాను. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. నాకూ నచ్చలేదు, పరిష్కారం ఇంకా తోచలేదు.

లారీ బాడీల వెనక అతికించే ఎర్ర రిఫ్లెక్టర్ టేపు ముక్కలు షెడ్డులో ఎప్పుడూ మిగులుతుంటాయి. వాటిని ఇప్పుడు బావగారు పారేయనివ్వడం లేదు. ఆటోనగర్ గేటు మీదుగా వెళ్లే తోపుడు బండ్లను ఆపించి, కుర్రాళ్ల చేత వెనకా పక్కలా అతికిస్తున్నారు. మొన్న రాత్రి రామవరప్పాడు నుంచి వస్తుంటే ముందు చీకట్లో రెండు ఎర్ర గీతలు మెరిశాయి, స్కూటరు నెమ్మది చేశాను. దగ్గరికి వెళ్లాక జామకాయల వాసన వచ్చింది.